ఏరే ముందు ఎక్కడ ఏరుతున్నావో రాసుకో

బుజ్జీ,

నీ వాట్సాప్ ఫొటో చూశాను. పెరట్లో తోలించిన ఇసుక కుప్పలో దొరికింది, ఇది అమ్మోనైటేనా పెదనాన్నా అని అడిగావు. కాదమ్మా, అది చెరువు నత్త. అమ్మోనైట్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన సముద్రపు జీవి, చుట్ట తిరిగిన దాని గుల్ల రాళ్ళలో శిలాజంగా దొరుకుతుంది. నత్తగుల్లలు చాలావరకు శంఖంలా పైకి లేస్తూ చుట్టుకుంటాయి గానీ, మన చెరువుల్లో బల్లపరుపుగా చుట్టుకునే రకం కూడా ఒకటుంది, దాన్ని చూసి నువ్వొక్కదానివే కాదు, చాలామంది బోల్తా పడతారు. తేల్చుకోవడం తేలికే. దాన్ని మధ్యకి విరిచి చూడు. మొదట్నించి చివరిదాకా ఒకటే గొట్టం ఉంటే నత్త. మురి పొడుగునా అడ్డుగోడలు కట్టి గదులు గదులుగా ఉంటే, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఫర్వాలేదు.

అసలు డెల్టాలో అమ్మోనైట్ల కోసం వెతకడం దండగ. మన కాళ్ళ కింద ఉన్నది గోదారి తెచ్చి పోసిన ఒండ్రు, దాని వయసు కొన్ని వేల ఏళ్ళు. అమ్మోనైట్లు పూర్తిగా అంతరించిపోయి 6.6 కోట్ల ఏళ్ళయింది. లంకల్లో తవ్వితే అవి దొరకవు, కొబ్బరి వేళ్ళు దొరుకుతాయి.

కానీ నువ్వు చూడని అమ్మోనైట్ ఏమీ కాదులే. మన దేవుడి గదిలో రాగి పళ్ళెంలో ఉన్న సాలగ్రామం గుర్తుందా? దానికి పక్కన చిన్న నోరులాంటి తొర్ర ఉంటుంది, టార్చి వేసి చూస్తే లోపల సన్నటి గీతలతో చక్రం కనిపిస్తుంది. ఆ చక్రం అమ్మోనైట్ గుల్ల వదిలిన అచ్చు. నేపాల్లో ముక్తినాథ్ పక్కనుంచి వచ్చే కాళీ గండకీ నది ఆ నల్లరాళ్ళని దొర్లించి నునుపు చేస్తుంది. హిమాలయాలు లేవక ముందు అక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది, దాని అడుగు బురదే ఆ రాయి. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఈ సంగతి తెలుసుకుని, సెలవులకి ఇంటికొచ్చి పెద్ద గొప్పగా మీ తాతయ్యకి చెప్పాను, ఇది దేవుడు కాదు, సముద్రపు జీవి అని. ఆయన అభిషేకం ఆపకుండానే, "మత్స్యావతారం, కూర్మావతారం మరి ఎక్కడివిరా?" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు, ఇప్పటికీ తట్టలేదు. కాబట్టి ఒక మాట ముందే చెప్తున్నా, దాన్ని మాత్రం విరిచి చూడకు.

ఇక ఆ జీవి సంగతి. చూడ్డానికి నత్తలా ఉన్నా చుట్టరికం మాత్రం ఆక్టోపస్, స్క్విడ్‌లతో. చివరి పెద్ద గదిలో జీవి ఉండేది, పెరిగేకొద్దీ వెనక ఒక గోడ కట్టి ముందుకి జరిగేది, ఖాళీ అయిన గదుల్ని ఒక సన్నటి గొట్టం కలిపేది, వాటి సాయంతో నీళ్ళలో తేలేది. ఆ అడ్డుగోడల అంచులు పైగుల్లని తాకిన చోట ఏర్పడే గీతనే సూచర్ అంటారు. పైగుల్ల రాలిపోయిన అమ్మోనైట్‌ని సాయంత్రపు ఏటవాలు ఎండలో పెట్టి పది రెట్ల భూతద్దంతో చూడు. అచ్చం నరసాపురం లేసు అంచులా, మెలిక మీద మెలిక, ఆ మెలికలో ఇంకో చిన్న మెలిక. పాత కాలపు వాటిలో ఈ గీత సాదాగా వంపులు తిరిగి ఉంటుంది, పోనుపోను చిక్కబడుతుంది. రకం గుర్తుపట్టడానికి ఇదీ చూడాలి, గుల్ల మీద పక్కటెముకల్లా లేచిన గట్లూ చూడాలి. నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నా నాకు విసుగు రాని దృశ్యం అదొక్కటే అంటే మీ పెద్దమ్మ ఒప్పుకోదు.

సైన్స్‌కి ఇవెందుకంత ముద్దు అంటావా? అమ్మోనైట్లు గబగబా రూపం మార్చుకున్నాయి. చాలా రకాలు కొన్ని లక్షల ఏళ్ళే బతికి, వాటి చోటుని వేరే రకం తీసుకునేది, కొన్ని లక్షల ఏళ్ళంటే భూమి లెక్కలో చిటికె. పైగా సముద్రాల మీద దూరదూరాలకి వ్యాపించాయి. అందుకని గుజరాత్ కచ్‌లో ఒక పొరలో ఒక రకం దొరికి, అదే రకం యూరప్‌లోనో మడగాస్కర్‌లోనో దొరికితే ఆ రెండు పొరలూ ఇంచుమించు ఒకే కాలానివని చెప్పొచ్చు. జర్మనీలో ఆల్బర్ట్ ఒపెల్ 1850లలో జురాసిక్ రాళ్ళని ఇలాగే, ముఖ్యంగా అమ్మోనైట్లని పట్టుకుని సన్నటి కాలపు విభాగాలుగా విడగొట్టాడు, ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. రాయికి పుట్టినతేదీ సర్టిఫికెట్ లాంటిది అనుకో.

అయితే ఆ సర్టిఫికెట్ పనికొచ్చేది అది ఏ పొరలోంచి తీశావో తెలిస్తేనే. ఇక్కడ నా తప్పు చెప్తాను విను. మొదటిసారి తమిళనాడు కారై వెళ్ళినప్పుడు నాకు 22 ఏళ్ళు. చెట్టూ చేమా లేని బంకమట్టి గుట్టలు, వాన కోతకి నేలంతా గాడులు, ఆ గాడుల్లో సుద్దముక్కల్లా బెలమ్నైట్లు (స్క్విడ్ లాంటి పాత జీవుల శిలాజాలు), వాటి మధ్య అక్కడక్కడా అమ్మోనైట్లు. పిచ్చెక్కినట్టయింది. మూడు చోట్ల తిరిగి నలభై దాకా ఏరి, అన్నీ ఒకే గోనెసంచిలో పోసుకుని రైలెక్కాను. తర్వాత ఆ రాళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఒకాయనకి చూపిస్తే, ఒక్కొక్కటే తీసి ముచ్చటగా చూసి, "ఇది ఏ గట్టుది? పై పొరదా, కింది పొరదా? పొరలో ఉండగా తీశావా, జారి పడున్నది ఏరావా?" అని అడిగాడు. నేను నోరెత్తలేదు. ఆయన వాటిని మళ్ళీ సంచిలో పోసి, కాగితాల మీద బరువుకి బాగుంటాయి బాబూ అన్నాడు. అవే, నీ చిన్నప్పుడు అచ్చంగాయలాడుకున్నది వాటితోనే.

అందుకని రాయి మీద చెయ్యి వెయ్యకముందు నోట్‌బుక్ తియ్యి. తేదీ, ఊరు, ఫోన్‌లో వచ్చే జీపీఎస్ అంకెలు, గట్టు అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంది, మట్టి రంగేంటి, పక్కన ఇంకే గుల్లలున్నాయి, పొరలో ఉందా విడిగా పడుందా. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి రెండు ఫొటోలు, ఒకటి దగ్గరగా, ఒకటి గట్టు మొత్తం కనిపించేలా. అప్పుడు తీసి, న్యూస్‌పేపర్లో చుట్టి, జిప్ కవర్లో వేసి, నంబరు చీటీ లోపలొకటి పెట్టి అదే నంబరు కవరు పైన కూడా రాయి, ఎందుకంటే పైది చెరిగిపోతుంది, కచ్చితంగా చెరిగిపోతుంది. ఇంటికెళ్ళాక గుర్తుచేసుకుని రాద్దాం అనుకోకు, గుర్తుండదు.

ఎక్కడికెళ్ళాలంటే, మనకి దగ్గర్లో ఉన్నది పాత పశ్చిమ గోదావరి జిల్లా మెట్ట. ద్వారకా తిరుమల వైపు రాళ్ళని విలియం కింగ్ 1880లో వర్ణించాడు, అక్కడి మూడు పొరల్లో నడిమిదాని పేరు రాఘవాపురం షేల్ (షేల్ అంటే పలకలుగా విడిపోయే మెత్తటి రాయి), పైదాని పేరు తిరుపతి ఇసుకరాయి (పెద్ద తిరుపతి కాదు, మన చిన్న తిరుపతి). రాఘవాపురం షేల్లో అమ్మోనైట్లు దొరికిన దాఖలాలున్నాయి, పది కోట్ల ఏళ్ళకి పైబడినవి. కానీ పలకరాయిలో నలిగిన అచ్చులు తప్ప గుండ్రంగా చేతిలో ఇమిడే గుల్లలు వస్తాయని ఆశపడకు. వరుసగా రెండు ఆదివారాలు తిరిగి ఆకు అచ్చులతో తిరిగొచ్చినా ఏడవకు, ఆ ఆకులూ శిలాజాలే. చేతినిండా కావాలంటే అరియలూరు, కారై ప్రాంతమే. 1840లలో అక్కడా పాండిచ్చేరి దగ్గరా కేయ్, కన్లిఫ్ అనే ఇద్దరు ఏరి పంపిన గుల్లల్ని ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే శాస్త్రవేత్త 1846లో ప్రచురించాడు. 1860లలో జియలాజికల్ సర్వే తరఫున స్టొలిచ్కా అనే శాస్త్రవేత్త ఆ అమ్మోనైట్లని ఒక్కొక్కటే బొమ్మలతో సహా వర్ణించాడు. వాళ్ళకి అక్కడ వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు, కాబట్టి జనవరిలో వెళ్ళు, వాన కడిగిన గుట్టలు, ఎండ కూడా భరించొచ్చు. ఎవరి నేలో కనుక్కుని అడిగి అడుగు పెట్టు. ఒకే రకానివి ఇరవై కనిపిస్తే రెండు తీసుకో. ఎముకలాంటిది కనిపించినా, బండికి ఎత్తేంత పెద్దది కనిపించినా కదపకు, ఫొటో తీసి ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌కో, హైదరాబాద్‌లో ఉన్న జియలాజికల్ సర్వే ఆఫీసుకో చెప్పు.

సుత్తి కొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. నువ్వు రోజూ పెట్టుకునే అద్దాలు కాదు, వెల్డింగ్ షాపుల్లో గ్రైండింగ్‌కి వాడే రకం. ఉలి గుల్ల మీద కాదు, గుల్లకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి కొట్టు. శుభ్రానికి పాత టూత్‌బ్రష్, నీళ్ళు చాలు. యూట్యూబ్ చూసి యాసిడ్ జోలికి పోకు, గుల్లదీ సున్నమే, మట్టితో పాటు అదీ పోతుంది.

మనకి ఇంకో శత్రువు ఉంది, గాలిలో తేమ. ఇంగ్లండ్ చార్‌మౌత్ తీరం నుంచి ఒక స్నేహితుడు నాకు రూపాయి బిళ్ళంత అమ్మోనైట్ తెచ్చిచ్చాడు, పైరైట్‌గా (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మారినది, బంగారంలా మెరిసేది. షోకేసులో పెట్టాను. అమలాపురంలో మూడో వానాకాలానికి దాని మీద తెల్లగా బూజులాంటిది పట్టింది, షోకేసు తెరిస్తే ఘాటు వాసన, ముట్టుకుంటే బూడిదలా రాలింది. తేమకి పైరైట్ పుల్లబారి గంధకామ్లం పుడుతుంది, అది కింద పెట్టిన చీటీని కూడా తినేసింది. ఎక్కడిదో రాసిన ఆ చీటీ గోధుమరంగు పొడి అయిపోయింది. మెరిసేది దొరికితే గాలి దూరని డబ్బాలో, కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టు, పొట్లాలు నెలనెలా మార్చు.

ఆన్‌లైన్లో కొంటానన్నావు. సరదాకి అయితే మడగాస్కర్ నుంచి వచ్చే, రెండుగా కోసి పాలిష్ పెట్టినవి కొనుక్కో, గదులు చక్కగా కనిపిస్తాయి. కానీ చెక్కి అమ్మే నకిలీలు ఉన్నాయి, సాలగ్రామాల్లో కూడా. గీతలన్నీ ఒకే లోతులో, గదులన్నీ ఒకే కొలతలో ఉంటే అనుమానించు.

చివరగా ఒక సంగతి, ఇది ఏరడానికి కాదు, చూడ్డానికి. అమ్మోనైట్లు ఎలా పోయాయి అన్న కథలో మన ఊళ్ళున్నాయి. కాతేరు, పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో నల్లరాయి పొరల మధ్య సున్నపురాయి కనిపిస్తుంది. ఆ నల్లరాయి పడమటి కనుమల వైపు పుట్టిన లావా, వెయ్యి కిలోమీటర్లకి పైగా పారి మన సముద్రానికి చేరింది. ఆ సున్నపురాయిలోని కంటికి ఆనని జీవుల్ని చూసి, లావా ప్రధాన దశ అమ్మోనైట్లు అంతరించిన కాలానికి దగ్గర్లోనే ముగిసిందని గెర్టా కెల్లర్, మన సునీల్ బాజ్‌పాయ్ అనే శాస్త్రవేత్తలు ఇంకొందరితో కలిసి 2008లో రాశారు. తర్వాత ఓఎన్జీసీ బావుల నమూనాల్లోనూ అదే వెతికారు. రాజోలు అడుగున, ఒండ్రు కింద లోతులో, అదే లావా ఉంది. ఉల్క పడటమా, ఈ లావానా, దేనిది ఎంత పాపం అని ఇంకా కొట్టుకుంటున్నారు. అమ్మోనైట్ పిల్లలు నీటి పైపొరల్లో సన్నగా తేలుతూ బతికేవి, పైపొరలు చెడగానే పోయాయి, లోతుల్లో పెద్ద గుడ్లు పెట్టే నాటిలస్ (ఇలాంటి గదుల గుల్లే ఉన్న దూరపు చుట్టం) మాత్రం మిగిలింది అనే వాదన నాకు నచ్చుతుంది. క్వారీకి ఒక్కదానివే వెళ్ళకు, బ్లాస్టింగ్ టైము అడిగి తెలుసుకుని వెళ్ళు.

జనవరిలో నాకు మోకాలు సహకరిస్తే నేనూ వస్తాను. మీ నాన్నతో చెప్పి అరియలూరుకి టికెట్లు చూడమను, సంక్రాంతి వారం తప్పించి. నోట్‌బుక్ మాత్రం నువ్వే కొనుక్కో, అట్ట గట్టిగా ఉండేది.

మీ పెదనాన్న