అమ్మాయి చేపల డీఎన్ఏ చదువుతానంటోంది: బయోటెక్నాలజీయా, బీఎఫ్‌ఎస్సీయా?

ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేసే ఒక నాన్నగారు రాశారు. పాప ఇంటర్ బైపీసీ అయింది, నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్‌కి వెళ్లనంటోంది. చేపల డీఎన్ఏ మీద ఏదో వీడియో చూసిన దగ్గర్నుంచి ఫిష్ జెనెటిక్స్ అని పట్టు పట్టిందట. 'బీటెక్ బయోటెక్నాలజీలో వేయమంటారా, బీఎఫ్‌ఎస్సీలోనా? చదువుకుని చేపల్లోంచి బయటపడతారనుకుంటే మళ్లీ చేపలేనా అంటున్నారు మా వాళ్లు. ఆడపిల్ల, పడవలెక్కి తిరగాలేమోనని టెన్షన్‌గా ఉంది' అన్నారు.

బీఎఫ్‌ఎస్సీలో, అంటే ఫిషరీస్ సైన్స్ డిగ్రీలో వేయండి. ఎందుకో మీ గోదావరి పులసతోనే చెప్తాను.

ఎర్రనీళ్లు రాగానే పులస సముద్రంలోంచి గోదావరిలోకి ఎదురీదుతుంది, గుడ్లు పెట్టడానికి. రేటు వేలల్లో పలుకుతుంది కాబట్టి ప్రతి ఏడూ అదే గొడవ: ఇది నిజంగా గోదావరి చేపేనా, లేక ఎక్కడో సముద్రంలో పట్టి ఐసు పెట్టెలో తెచ్చిందా? డీఎన్ఏ టెస్టు చేస్తే తేలిపోదా అంటారు చదువుకున్నవాళ్లు. తేలదండీ. సుమారు 650 డీఎన్ఏ అక్షరాల పొడవున్న, సీఓఐ అనే జన్యువు ముక్క చదివితే అది ఏ జాతి చేపో తెలుస్తుంది, ముక్కలు కోసి అమ్మినా తెలుస్తుంది. కానీ నదిలో దొరికిన పులసా, సముద్రంలో దొరికినదీ ఒకే జాతి, నిన్న అక్కడ ఉన్నదే ఇవాళ ఇక్కడికి వచ్చింది, జన్యువులు మారవు కదా. ఆ సంగతి చెప్పాలంటే చేప తలలోని చెవి రాయి చూడాలి. ఓటోలిత్ అంటారు. చెట్టు కాండంలో వలయాల్లా అందులో పొరలు పడతాయి, సముద్రపు నీళ్లలో స్ట్రాన్షియం ఎక్కువ కాబట్టి ఏ పొర ఉప్పునీళ్లలో పెరిగింది, ఏది మంచినీళ్లలో పెరిగింది అన్నది అక్కడ రాసి ఉంటుంది.

మరి జన్యువులు దేనికి? గోదావరికొచ్చే మంద, బెంగాల్‌లోని హుగ్లీ నదికి వెళ్లే మంద వేర్వేరా, కలిసిపోతున్నాయా అని అడగడానికి. వేర్వేరు అయితే ఇక్కడ ఎక్కువ పట్టేస్తే అక్కడి చేప వచ్చి భర్తీ చెయ్యదు. దానికి వందల చేపల నుంచి గోరంత రెక్క ముక్క కత్తిరించి, ఆల్కహాల్ ఉన్న చిన్న ట్యూబులో వేసి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత పొడవు అని చీటీ మీద పెన్సిల్‌తో రాయాలి (పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌కి సిరా కరిగి చీటీ తెల్లకాగితం అయిపోతుంది, ఒకసారి అయితే గానీ ఎవరికీ గుర్తుండదు). ఆ తర్వాతే పీసీఆర్‌తో డీఎన్ఏ కాపీలు పెంచడం, మైక్రోసాటిలైట్లు, ఎస్ఎన్‌పీలు అనే డీఎన్ఏ తేడాలు చదవడం. ల్యాబ్ పని బయోటెక్ పిల్లలూ నేర్చుకుంటారు. ఏ ప్రశ్నకి ఏ పరికరం వాడాలి అన్నది మాత్రం చేప తెలిసినవాళ్లకే తడుతుంది.

ఇది కాగితాల మీద మిగిలిపోయే విద్య కూడా కాదు. నార్వేలో లోఫోటెన్ దగ్గర శీతాకాలంలో రెండు రకాల కాడ్ చేపలు ఒకేచోట కలుస్తాయి. దూరం నుంచి వలస వచ్చేది బోలెడంత ఉంది, తీరంలోనే ఉండేది తగ్గిపోయింది. చూస్తే తేడా తెలియదు. శాంపిళ్లు తీసి, ఒక జన్యువులో తేడా చూసి, ఒక రోజు లోపే తీరపు రకం శాతం ఎంతో తేల్చి, దాన్ని బట్టి అక్కడ వేట తెరవాలా మూయాలా అని చెప్తారు. మన తూర్పు తీరంలో మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అన్ని చేపలకీ కలిపి ఒకటే వేట నిషేధం.

ఇక మీ చెరువు సంగతి. సీడు (హేచరీ చేపపిల్లలు) మునుపటిలా ఎదగట్లేదన్న మాట రైతుల దగ్గర తరచూ వింటుంటాను. నీరు, మేత, రోగం ఎన్నో కారణాలుంటాయి, కానీ హేచరీలో ఏళ్ల తరబడి అవే కొద్దిపాటి తల్లి చేపల పిల్లల్నే మళ్లీ తల్లుల్ని చేస్తే దగ్గరి చుట్టరికం పేరుకుపోయి ఎదుగుదల మందగిస్తుంది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఐఎఫ్‌ఏ వాళ్లు నార్వే సంస్థతో కలిసి జయంతి రోహు (రోహు అంటే మన శీలావతే) రకం తయారుచేసినప్పుడు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల నుంచి తెచ్చిన చేపలతో మొదలుపెట్టింది అందుకే. 1997లో విడుదల చేశారు, ఎంపిక చేసిన ప్రతి తరానికీ 17 శాతం దాకా ఎదుగుదల పెరిగిందని లెక్క. మీ పాప చదువుతానంటున్నది ఇదే. చేపల్లోంచి బయటపడటమా కాదా అన్నది మీ వాళ్లకే వదిలేస్తున్నా.

దారి ఇలా. ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో పాత కాలేజీ ఉంది, తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో ఉంది, మన రాష్ట్రానికి నరసాపురం కేంద్రంగా ఫిషరీస్ యూనివర్సిటీ వచ్చింది. తర్వాత ఎంఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్‌లో పీజీ)లో ఫిష్ జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్, ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈ దీనికి పేరున్న చోటు. ఎంఎఫ్‌ఎస్సీకి ప్రధానంగా బీఎఫ్‌ఎస్సీ వాళ్లనే తీసుకుంటారు. అంటే ఇప్పుడు బయోటెక్‌కి వెళ్తే ఈ తలుపు దాదాపు మూసుకున్నట్టే, ఇటు నుంచి అటు వెళ్లడం తేలిక. ఆపైన పీహెచ్‌డీ. చేపల జన్యు వనరుల కోసమే 1983లో పెట్టిన ఎన్‌బీఎఫ్‌జీఆర్ ఇప్పుడు లక్నోలో ఉంది, సముద్ర చేపల పరిశోధనకి సీఎంఎఫ్‌ఆర్‌ఐ అనే సంస్థ, దాని కేంద్రం ఒకటి విశాఖలోనే ఉంది.

దాచకుండా చెప్తున్నా, అచ్చంగా జన్యువుల మీదే ఉద్యోగం అంటే పోస్టులు కొన్నే, సైంటిస్టు అయ్యేసరికి పదేళ్లు పడుతుంది. మధ్యలో ఆగినా చేతిలో పని ఉండటమే బీఎఫ్‌ఎస్సీలో సుఖం: హేచరీలు, మేత కంపెనీలు, మత్స్యశాఖలో ఎఫ్‌డీవో అంటే ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ (నోటిఫికేషన్ ఎప్పుడొస్తే అప్పుడే), బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్. పడవల సంగతికి వస్తే, కొన్నిసార్లు ఎక్కాలి, ఎక్కువసార్లు తెల్లారకముందే రేవులో నిలబడాలి. ఆడపిల్లలు చేస్తున్నారు, కంగారు పడకండి. నేను అసలు భయపడేది లెక్కలకి. మ్యాథ్స్ తప్పించుకుందామని బైపీసీ తీసుకున్న పిల్లలు ఇక్కడ ఇరుక్కుంటారు, ఎందుకంటే రెండు మందలు వేరని తేల్చేది మెషీను కాదు, స్టాటిస్టిక్స్. సెలవుల్లోనే సంభావ్యత, ఆ లెక్కలకి వాడే 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ భాష మొదలెట్టమనండి.

ఈ ఆదివారం ఇంటికి పండుగప్ప తెచ్చి, తల పులుసులోకి వెళ్లకముందు పాప చేతికి ఇవ్వండి. మెదడు కిందుగా, అటొకటి ఇటొకటి, తెల్లటి రెండు చెవి రాళ్లుంటాయి. విరక్కుండా తీసి, కడిగి, కాగితం మీద పెట్టి భూతద్దంతో చూడమనండి. చేతికి నీచు అంటుకుందని విసుక్కుందా, రెండో రాయి కోసం వెతుకుతోందా, నాకు రాయండి.