వాబషా ఒకరా, ముగ్గురా?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్నాడు. అక్కడ మిసిసిపీ నది ఒడ్డున వాబషా అనే ఊరు, అదే పేరుతో ఒక కౌంటీ ఉన్నాయి. అది డకోటా అనే అమెరికా ఆదివాసి తెగ నాయకుని పేరని తెలిసి చదవబోతే, ఆయన 1780లో యుద్ధం చేశాడనీ, 1830లో ఒప్పందంపై సంతకం పెట్టాడనీ, 1876లో మరణించాడనీ కనిపించింది. ఇదంతా ఒకే మనిషి చరిత్ర ఎలా అవుతుంది? ఆయన తల్లి శత్రువర్గపు స్త్రీ అన్న మాట నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: మీ అనుమానం సరైనదే. మీరు చదివినది ముగ్గురి చరిత్ర. మన పాత చిత్తూరు జిల్లాలో కార్వేటినగరం ప్రభువులను కుంఫిణీ కాగితాల్లో తరం మారినా ‘బొమ్మరాజు’ అనే రాసినట్లు, డకోటాలలో మ్డేవకంతన్ శాఖకు చెందిన ఈ వంశంలో నాయకత్వంతోపాటు వాబషా అనే పేరు కూడా వారసునికి సంక్రమించేది. మొదటి వాబషా పద్దెనిమిదో శతాబ్దపు మనిషి; అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వారి పక్షాన నిలిచి, 1780 మే నెలలో సెయింట్ లూయిస్‌పై జరిగిన దాడిలో తన వారిని నడిపించాడు. 1825, 1830 సంవత్సరాలలో ప్రేరీ డు షీన్ వద్ద అమెరికా ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్నది రెండవ వాబషా. ఆయన 1836లో మశూచితో మరణించాడు. 1851 నాటి మెండోటా ఒప్పందంలో సంతకం చేసినవాడు, 1862లో అమెరికా ప్రభుత్వంపై డకోటాలు చేసిన యుద్ధం వద్దని వాదించినా ఓటమి తరువాత తన ప్రజలతోపాటు మిన్నెసోటా నుంచి వెళ్లగొట్టబడి 1876లో నెబ్రాస్కాలో కన్నుమూసినవాడు మూడవ వాబషా. యుద్ధానంతరం 1862 డిసెంబరు 26న మంకేటోలో ఉరితీయబడిన 38 మందిలో ఈయన అల్లుడు కూడా ఉన్నాడు.

వీరిని తాత, తండ్రి, మనుమడు అనే చెబుతారు. అయితే డకోటాల వరుసల ప్రకారం తండ్రి అన్నదమ్ములు కూడా తండ్రులే, తల్లి అక్కచెల్లెళ్లు కూడా తల్లులే కనుక, తెల్లవారు రాసిపెట్టిన కాగితాల్లో ‘కుమారుడు’, ‘సోదరుడు’ అని కనిపించిన ప్రతిచోటా అది కన్నకొడుకనీ తోడబుట్టినవాడనీ తీర్మానించుకోవడం తొందరపాటే అవుతుంది. పెదతండ్రి పిల్లలను అన్నదమ్ములనే చెప్పుకునే మనకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

ఇక తల్లి విషయం. డకోటాలకూ, ఓజిబ్వేలు అనే మరో ఆదివాసి తెగకూ మధ్య తరాల తరబడి యుద్ధాలు సాగాయి. నడుమ సంధి కుదిరిన కాలాల్లో వియ్యాలు కూడా నడిచాయి. అలాంటి సంధికాలంలో ఒక డకోటా నాయకుడు ఓజిబ్వే స్త్రీని పెళ్లాడాడనీ, మళ్లీ యుద్ధం రావడంతో విడిపోయి ఆమె తన వారిని చేరి ఓజిబ్వే నాయకునితో మరో కాపురం చేసిందనీ కథనం. మొదటి సంబంధంలో పుట్టినవాడు మొదటి వాబషా అనీ, రెండవ సంబంధంలో పుట్టినవాడు మామొంగజీదా అనీ, అంటే ఇద్దరూ ఒక తల్లి బిడ్డలనీ అంటారు.

ఒకసారి మామొంగజీదా కుటుంబంతో వేటకు వెళ్లి విడిది చేసిన చోట తెల్లవారుజామున డకోటాలు కాల్పులు మొదలుపెట్టారట. అతడు బయటకు వచ్చి, తన పేరు చెప్పి, మీలో నా అన్న వాబషా ఉన్నాడా అని కేకవేయగా కాల్పులు ఆగిపోయి, యుద్ధవేషంలో ఒక ఆజానుబాహువు ముందుకు వచ్చాడట. ఆయన వంగి గుడిసెలోకి అడుగుపెట్టబోతుండగా, తలుపు పక్కన పొంచి ఉన్న మామొంగజీదా కొడుకు వాబొజీగ్ తన బలమంతా ఉపయోగించి గదతో కొట్టాడు. దెబ్బ తిన్న పెదతండ్రి కోపగించకుండా పిల్లవాణ్ణి ఎత్తుకుని, వీడు గొప్ప వీరుడై మా డకోటాలనే ఎందరినో చంపుతాడని మెచ్చుకున్నాడని చెబుతారు.

దీనిని ఎంతవరకు నమ్మవచ్చు? వాబొజీగ్ కుమార్తె ఒక ఐరిష్ వ్యాపారిని వివాహమాడింది. వారి కూతురు జేన్, 1800లో జన్మించిన కవయిత్రి. ఆమె భర్త హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ ఈ కథను గ్రంథస్థం చేశాడు. కనుక ఇది వాబొజీగ్ ఇంటివారు తమ తాతను గురించి చెప్పుకున్న కథ. గద దెబ్బ, జోస్యం వంటి వాటిలో ఇంటి అభిమానం పాలు ఎక్కువే ఉండవచ్చునని నా అభిప్రాయం. బంధుత్వాన్ని మాత్రం అంత తేలికగా తోసిపుచ్చలేము. ఓజిబ్వే చరిత్ర రాసిన విలియం వారెన్ కూడా ఆ బంధుత్వాన్ని పేర్కొన్నాడు, పైగా శత్రువుతో చుట్టరికం కల్పించుకోవడం వల్ల వాబొజీగ్ వంశానికి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

మీరు అక్కడికి వెళ్తే ఒక్క వాబషా ఊరు చూసి తిరిగిరావద్దు. ఈ నాయకుల ప్రధాన గ్రామం ఉండినది అదే నది వెంట మరికొంత దిగువన, నేటి వినోనా నగరం ఉన్న మైదానంలో.