పైరోమీటర్ల ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఇన్‌స్ట్రుమెంటేషన్ మూడో ఏడాది. ఫైనలియర్ ప్రాజెక్టుకి మల్టీ వేవ్‌లెంగ్త్ పైరోమెట్రీ తీసుకుంటానంటోంది. కొలిమి వేడిని దూరం నుంచి కొలవడమట. తోటి పిల్లలంతా కోడింగ్ అంటుంటే దీనికి భవిష్యత్తు ఉందంటారా?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: ‘పైరోమెట్రీ ఇంజినీర్ కావలెను’ అనే ప్రకటన మీకు దాదాపు ఎక్కడా కనబడదు. అలాగని ప్రాజెక్టు మాన్పించకండి.

మీది గాజువాక కాబట్టి ఉక్కు సంగతే చెబుతాను. కరిగిన ఉక్కు 1600 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అందులో ముంచే థర్మోకపుల్ (రెండు లోహాల తీగలతో వేడిని కొలిచే సాధనం) మొన సాధారణంగా ఒక్క రీడింగుతో సరి. ముట్టుకోకుండా, ఆగకుండా కొలవాలంటే వెలుగును చూసి వేడి చెప్పే పైరోమీటర్ కావాలి. చిక్కల్లా ఎమిసివిటీతోనే, అంటే ఉపరితలం ఎంత బాగా వెలుగు చిమ్ముతుందో చెప్పే విలువతోనే. వేడి ఒకటే అయినా శుభ్రమైన లోహం ఒకలా, పొలుసు కట్టింది ఇంకోలా వెలుగుతాయి. ఆ విలువ 10 శాతం తప్పిందనుకోండి. 1600 డిగ్రీల దగ్గర 1 మైక్రాన్ తరంగదైర్ఘ్యంలో చూసే పైరోమీటర్ సుమారు 24 డిగ్రీలు తప్పుతుంది, 10 మైక్రాన్లలో చూసేది దాదాపు 130. ఈ రెండంకెలూ ప్లాంక్ సూత్రంతో (వేడి వస్తువు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగుతుందో చెప్పేది) అమ్మాయిని వేసి చూపించమనండి. వచ్చాయంటే సబ్జెక్టు పట్టుబడ్డట్టే.

రెండు తరంగదైర్ఘ్యాల్లో కొలిచి నిష్పత్తి తీస్తే ఎమిసివిటీ కొట్టుకుపోతుంది, రెండుచోట్లా అది ఒకటే అయితేనే సుమా. సిమెంటు కిల్న్‌లో దుమ్ము అడ్డొచ్చినా ఈ రకం నెట్టుకొస్తుంది, రెండు సిగ్నళ్లూ ఒకే దామాషాలో తగ్గుతాయి కనుక. అల్యూమినియం దగ్గర ఆ పప్పులుడకవు, అక్కడ రెండు ఎమిసివిటీలూ ఒకటి కావు. 0.9, 1.05 మైక్రాన్ల జత తీసుకుంటే, రెంటి ఎమిసివిటీలో ఒక్క శాతం తేడాకే 1600 డిగ్రీల దగ్గర 15 డిగ్రీలు పోతాయి.

అందుకే మూడు, నాలుగు, ఇంకా ఎక్కువ తరంగదైర్ఘ్యాలు. అయినా లెక్క తెగదు: ఎన్ని తరంగదైర్ఘ్యాలో అన్ని ఎమిసివిటీలు, వాటిపైన ఉష్ణోగ్రత ఒకటి. తెలియనివి ఎప్పుడూ ఒకటి ఎక్కువే. ఎమిసివిటీ ఎలా మారుతుందో ఒక నమూనా ఊహించుకోక తప్పదు. అది బెడిసికొడితే పదిరంగుల పైరోమీటర్ రెండురంగుల దానికన్నా అధ్వానంగా చెబుతుంది. కంపెనీల బ్రోచర్లు ఈ మాట అంత గట్టిగా చెప్పవు. నమూనా ఎంచడం, డేటాకు అతికించడం, ఎంత తప్పుందో లెక్కగట్టడం, ఇదంతా పైతాన్‌లో చేసే పనే. కాబట్టి కోడింగ్ ఎలాగూ తప్పదండీ.

ప్రాజెక్టు చిన్నదిగా పెట్టుకోమనండి. హాలోజన్ బల్బు, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో అడిగి తెచ్చుకున్న స్పెక్ట్రోమీటర్ చాలు. టంగ్‌స్టన్ ఎమిసివిటీ పట్టికల్లో దొరుకుతుంది. ఫిలమెంట్ నిరోధాన్ని బట్టి ఉష్ణోగ్రతను వేరే దారిలోనూ రాబట్టి రెండూ పోల్చుకోవచ్చు. ఫర్నేస్ బొమ్మ వేసి సిమ్యులేషన్‌తో సరిపెట్టే ప్రాజెక్టుకన్నా ఇది ఎంతో నయం.

ఇక ఉద్యోగం. స్టీలు, సిమెంటు, గాజు ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగాలున్నాయి, కాలిబ్రేషన్ ల్యాబులున్నాయి. వెండి గడ్డకట్టే 961.78 డిగ్రీలకు పైన అంతర్జాతీయ ఉష్ణోగ్రత స్కేలు నిలబడేదే రేడియేషన్ మీద. మన దేశంలో ఆ ప్రమాణాలు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ చూస్తుంది. హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్ (రక్షణశాఖ లోహ పరిశోధనశాల), ఏఆర్‌సీఐ (పొడి లోహాలు, కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం) అధిక ఉష్ణోగ్రత పదార్థాల మీద పనిచేస్తున్నాయి. పరిశోధన వైపు మొగ్గుంటే గేట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పేపర్ రాయించండి, ఎంటెక్ దారి తెరుచుకుంటుంది.

జీతం మాట దాచను: కాలిబ్రేషన్ ల్యాబుల్లో మొదట్లో సాఫ్ట్‌వేర్ అంత రాదు. ప్లాంటులో అయితే వేడి, దుమ్ము, షిఫ్టులు. అవి అమ్మాయికి ఫర్వాలేదో లేదో మీరు తేల్చకండి, తననే అడగండి. ఈలోగా కాలేజీలో గానీ దగ్గరి ల్యాబులో గానీ బ్లాక్‌బాడీ సోర్స్ (పైరోమీటర్లను సరిచూసుకునే, ఉష్ణోగ్రత కచ్చితంగా తెలిసిన ప్రామాణిక కొలిమి) ఉందేమో గైడ్‌ని కనుక్కోమనండి. అది లేకపోతే 1600 డిగ్రీల ఆశలు పక్కనపెట్టి బల్బుతోనే కానివ్వమనండి.