వీల్‌చైర్‌లో ఉన్న నాన్నకి బరువు చూడటం, స్కానింగ్ బల్ల ఎక్కించడం ఎలా?

బల్ల ఎక్కించలేక స్కానింగ్ సెంటర్‌ వాళ్లు మీ నాన్నగారిని వెనక్కి పంపేశారని, ఆపరేషన్ కాగితంలో బరువు కూడా ఉజ్జాయింపుగా రాసేశారని అడిగారు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అన్నయ్య దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని నడుం కింద స్పర్శ పోయింది. అప్పట్నించీ ఇవన్నీ మాకు అలవాటే.

బరువు మాత్రం ఉజ్జాయింపుకి వదలకండి. మత్తుమందు, చాలా ఇంజెక్షన్ల మోతాదు దాన్ని బట్టే లెక్కగడతారు. మేం రైస్ మిల్లుకి తీసుకెళ్తాం. ధాన్యం బస్తాలు తూచే కాటా నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. అంచున చెక్క ఆనించి కుర్చీతో సహా ఎక్కిస్తాం, తర్వాత ఖాళీ కుర్చీ తూచి ఆ బరువు తీసేస్తాం. లారీలు తూచే వేబ్రిడ్జి వద్దు, ఐదు పది కిలోల తేడా అందులో తెలీదు.

ఇక బల్ల. వెళ్లేముందే ఫోన్ చేసి అది కిందికి దిగుతుందా అని అడగండి. వీల్‌చైర్ సీటు దాదాపు 19 అంగుళాల ఎత్తు, మామూలు పరీక్ష బల్ల అంతకంటే చాలా ఎత్తు. అమెరికాలో ఇలాంటి బల్లలు 17 అంగుళాల దాకా దిగాలని 2024లో ప్రమాణం పెట్టారు. మనిషిని ఎత్తడం కాదు, బల్లే దిగాలి. ఛాతీ ఎక్స్‌రే అయితే కూర్చోబెట్టి కూడా తీయొచ్చు, అడగండి.

తప్పనిసరై ఎత్తాల్సి వస్తే చంకల కింద చేతులేసి లాగనివ్వకండి. మందపాటి దుప్పటి మడతేసి కింద పరిచి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని పైకి లేపాలి. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది. స్పర్శ లేనివాళ్లకి ఆ నొప్పి తెలీదు, పుండు పడ్డాకే మనకి తెలుస్తుంది. ఇంటికొచ్చాక పిరుదులు, మడమలు ఎర్రబడ్డాయేమో చూడండి. బల్ల, కుర్చీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటే, రెండింటి మీదా ఆనేలా నున్నటి చెక్కపలక వేసి దాని మీంచి మెల్లగా జరిపితే చాలు. అంచులు గుండ్రంగా చెక్కమంటే వడ్రంగి చేసిస్తాడు.

ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా ఏ భాగానికైనా అడ్డంకులు లేకుండా వెళ్లగలగాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 25వ సెక్షన్ చెబుతోంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. అందులో "సౌకర్యాలు కల్పించాలి" అని ఊరుకోకుండా, కిందికి దిగే బల్ల ఒకటి, వీల్‌చైర్ ఎక్కే కాటా ఒకటి కావాలని విడిగా రాయండి.