టీచర్ లేకుండా ఏపీ కాల్క్యులస్: మా అమ్మాయిని రాయనివ్వొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీలో చేరింది. డల్లాస్‌లో ఉన్న మా అక్క కూతురు వాళ్ల స్కూల్లో ఏపీ పరీక్షలు రాస్తోంది. అది విని మా అమ్మాయి కూడా వచ్చే మే నెలలో ఏపీ కాల్క్యులస్ బీసీ రాస్తానని పట్టుబట్టింది. కాలేజీ నుంచి రాత్రి ఏడున్నరకు వస్తుంది. అన్నం తిని, ఫోన్లో వీడియోలు పెట్టుకుని పదకొండు దాటేదాకా లెక్కలు చేస్తోంది. జేఈఈ, ఎంసెట్ ఉండగా ఇదెందుకని వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారు. కాలేజీలో చెప్పని పరీక్ష కోసం పిల్లలు సొంతంగా ఎందుకు చదువుతారు? మానిపించమంటారా?

జవాబు: మానిపించొద్దమ్మా. అలాగని ఇప్పుడే ఫీజు కట్టేయకండి. దసరా దాకా చూడండి.

ముందు వాళ్ల నాన్నగారి కోసం రెండు మాటలు. ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ సంస్థే దీన్నీ నిర్వహిస్తుంది. హైస్కూల్ పిల్లలు డిగ్రీ మొదటి ఏడాది స్థాయి సిలబస్ చదివి మే నెలలో రాస్తారు, 1 నుంచి 5 వరకు స్కోరు వేస్తారు. క్లాసులో కూర్చున్నవాళ్లే రాయాలన్న నిబంధన లేదు. అందుకే అమెరికాలోనే ఎంతోమంది సొంతంగా చదివి రాస్తారు. చిన్న ఊళ్లలో ఆ సబ్జెక్టు చెప్పే టీచర్ ఉండరు, ఉన్నచోట టైమ్‌టేబుల్ కుదరదు. మంచి స్కోరు వస్తే చాలా యూనివర్సిటీలు ఆ కోర్సు చదివినట్టే లెక్కవేస్తాయి (దీన్నే క్రెడిట్ అంటారు) కాబట్టి కొంత ఫీజు, కొంత సమయం మిగులుతాయి. అన్నీ ఇవ్వవు. కాల్క్యులస్ బీసీలో 5 వస్తే ఎంఐటీ తన మొదటి కాల్క్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ యూనివర్సిటీ ఏ ఏపీ స్కోరుకూ ఇవ్వదు.

జేఈఈకి గానీ ఎంసెట్‌కి (ఇప్పటి ఈఏపీసెట్‌కి) గానీ ఈ స్కోరు పనికిరాదు. డిగ్రీకే అమెరికా పంపే ఆలోచన మీ ఇంట్లో ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. లేకపోతే ఈ పరీక్షకు డబ్బు పెట్టక్కర్లేదు. ఆ లెక్కలు ఊరికే ఇష్టంతో చేసుకోవచ్చు, దాన్ని ఎవరూ ఆపొద్దు.

ఇక మన పిల్లలు ఎందుకు రాస్తారంటారా? కొందరు అప్లికేషన్లో చూపించడానికి రాస్తారు. మన ఇంటర్ మార్కులు అక్కడివాళ్లకు అంతగా అర్థం కావని, ఈ స్కోరైతే వాళ్లకు తెలిసిన కొలత అని ఈ పిల్లల లెక్క. అందులో నిజం ఉంది. కానీ నేను ఎక్కువగా చూసే కారణం వేరు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్సు, స్లిప్ టెస్టులు, వీకెండ్ టెస్టులు. ఏది ఎప్పుడు చదవాలో అంతా కాలేజీవాళ్లే చెబుతారు. అలాంటి పిల్లకు తనంతట తాను ఎంచుకున్న చదువు ఇదొక్కటే. రాత్రి పదకొండింటికి ఎవరూ చెప్పకుండా లెక్క చేస్తోందంటే, అది చిన్న విషయం కాదమ్మా.

అయితే ఇష్టమొక్కటే చాలదు. ఇంటర్ పిల్లలు ఈ ఏపీ పరీక్షలో ఎక్కడ తడబడతారో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక ట్యాంకులోకి నీళ్లు వస్తున్నాయి. మొదట్లో నిమిషానికి 20 లీటర్లు, నాలుగో నిమిషంలో 30, పదో నిమిషంలో 24. ఇచ్చింది ఈ మూడు అంకెలే, ఫార్ములా లేదు. పది నిమిషాల్లో ఎంత నీరు చేరిందో అంచనా వేయాలి. ఇంటిగ్రేషన్ సూత్రాలన్నీ నోటికొచ్చిన పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోతారు, ఇంటిగ్రేట్ చేయడానికి ఫంక్షనే లేదు కదా. సగటు తీసుకుని చేయాలి: మొదటి నాలుగు నిమిషాలకు 25 చొప్పున 100, తర్వాతి ఆరు నిమిషాలకు 27 చొప్పున 162, మొత్తం 262. చాలామంది అంతటితో ఆపేస్తారు. ఆ 262 ఏమిటో యూనిట్లతో సహా ఒక వాక్యంలో రాయమని కూడా అడుగుతారు, దానికి విడిగా మార్కు ఉంటుంది. మన దగ్గర జవాబు వచ్చాక కింద గీత గీసేయడం అలవాటు. ఈ అలవాటు మార్చుకోవడం కొత్త చాప్టర్ నేర్చుకోవడం కన్నా కష్టం.

మూడేళ్ల కిందట విజయవాడ అబ్బాయి ఒకడు మూడు సబ్జెక్టులు రాస్తానంటే నేనే సరే అన్నాను. తెలివైనవాడు, చదివేస్తాడనుకున్నాను. ఫిబ్రవరికల్లా మూడూ వదిలేశాడు, కట్టిన ఫీజు కన్నా వాడి ధైర్యం పోయినందుకు ఇప్పటికీ బాధపడతాను. అప్పటి నుంచి ఎవరికైనా మొదటిసారి ఒక్కటే రాయమంటున్నాను. మీ అమ్మాయీ ఒక్కదానితోనే ఆగింది, సంతోషం.

ఇప్పుడు టైమ్ సంగతి. సెకండియర్ మే నెలలో రాస్తే అప్లికేషన్లకు పనికిరాదు, అవి అంతకుముందు నవంబరు, జనవరి మధ్యే వెళ్లిపోతాయి. అప్పుడొచ్చే స్కోరు క్రెడిట్‌కు మాత్రమే. పైగా జేఈఈ, ఎంసెట్ హడావిడి అంతా అప్పుడే. కాబట్టి ఫస్టియర్ అయ్యాక వచ్చే మే నెల సరైనదే. చిక్కల్లా సిలబస్‌తోనే. మన దగ్గర ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ సెకండియర్‌లో వస్తాయి. బీసీలో అవి ఉంటాయి, వాటికి తోడు టేలర్ సిరీస్ లాంటి ఇంటర్‌లో లేనివీ ఉంటాయి. ఏపీలోనే ఏబీ అని ఇంకో కాల్క్యులస్ పరీక్ష ఉంది, అదే కాల్క్యులస్, సిరీస్ లాంటి కొన్ని భాగాలు లేకుండా.

దసరా దాకా ఆగమన్నది అందుకే. రోజూ రాత్రి ముప్పావుగంట, ఆదివారం రెండు గంటలు, అంతే చదవమనండి. పదిన్నరకు పడుకోవాల్సిందే, ఈ ఒక్క విషయంలో నేను మీ ఆయన పక్షం. ఖాన్ అకాడమీ పాఠాలు ఉచితం. కాలేజ్ బోర్డ్ సైట్లో పాత పరీక్షల ప్రశ్నలు, మార్కులు ఎలా వేశారో చెప్పే పత్రాలు కూడా ఉచితంగా దొరుకుతాయి. కోచింగ్ పెట్టించకండి. దసరా సెలవుల్లో పాత ప్రశ్నల్లోంచి డెరివేటివ్స్ మీద ఉన్నవి నాలుగు ఏరి, గంట టైమ్ పెట్టి రాయించండి. మార్కులు తననే వేసుకోమనండి. సగానికి పైగా వచ్చి, అప్పటికే ఇంటిగ్రేషన్ మొదలుపెట్టి ఉంటే బీసీకి వెళ్లనివ్వండి. డెరివేటివ్స్ బాగా వచ్చి ఇంటిగ్రేషన్ మొదలే కాకపోతే ఏబీ రాయమనండి. రెండూ లేకపోతే ఈ ఏడాదికి వద్దని మీరు చెప్పక్కర్లేదు, ఆ పేపర్ చూసి తనకే తెలుస్తుంది.

రాయడం ఖాయమైతే పరీక్షా కేంద్రం వెతకడం పెద్ద పని. బయటి పిల్లలను అన్ని స్కూళ్లూ తీసుకోవు, మీరు హైదరాబాద్ దాకా వెళ్లాల్సి రావచ్చు. ఫీజు వంద డాలర్లకు పైనే, కొన్ని కేంద్రాలు తమ ఖర్చులు కూడా కలుపుతాయి. అక్టోబరులోనే రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి సీటు, ఆఖరి తేదీ కనుక్కోండి. ఆ ఫోన్లు వాళ్ల నాన్నగారిని చేయమనండి.