నెయ్యిలా పేరుకున్న డీఎంఎస్‌ఓ

ప్రశ్న: సార్, మాది రాయగడ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. డిసెంబర్‌లో ఒక పొద్దున చూస్తే ల్యాబ్‌లో డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) సీసా మొత్తం గడ్డకట్టేసింది. పాడైనట్టేనా? అసలు ఇది సాల్వెంట్ (వేరే పదార్థాలను కరిగించే ద్రవం) కదా, ఆల్కహాల్‌ను ఆక్సీకరించే స్వెర్న్ ఆక్సిడేషన్‌లో దీనికేం పని?

జవాబు: పాడవలేదు, టెన్షన్ పడకండి. డైమిథైల్ సల్ఫాక్సైడ్ సుమారు 18.5 డిగ్రీలకే గడ్డకడుతుంది, మీ కొండల చలికి నెయ్యిలా పేరుకోవడం వింతేమీ కాదు. మూత బిగించి గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, కరుగుతుంది. మూత తెరిచి వదిలేస్తే మాత్రం గాలిలో తేమ తాగేస్తుంది, ఇక ఆ సీసా స్వెర్న్‌కు పనికిరాదు.

స్వెర్న్‌లో ఇది వట్టి సాల్వెంట్ కాదు, ఆక్సీకరణం చేసేదే ఇది. మైనస్ 78 డిగ్రీల దగ్గర ఆగ్జాలిల్ క్లోరైడ్‌తో కలిస్తే ఇందులోని గంధకం చురుగ్గా మారి ఆల్కహాల్‌ను పట్టుకుంటుంది, చివర్లో ట్రైఇథైలమీన్ పోస్తే ప్రైమరీ ఆల్కహాల్ ఆల్డిహైడ్‌గా మారి అక్కడే ఆగుతుంది, ఆమ్లం దాకా పోదు, పైగా క్రోమియంతో చేసే ఆక్సీకరణాల్లోలా క్రోమియం విషం గొడవ ఉండదు. చల్లదనం విషయంలో బద్ధకం వద్దు, మామూలు వేడిలో డీఎంఎస్‌ఓ, ఆగ్జాలిల్ క్లోరైడ్ కలిస్తే పేలినంత పని అవుతుంది.

మిగిలేది డైమిథైల్ సల్ఫైడ్. కుళ్లిన క్యాబేజీ కంపు! క్రాఫ్ట్ పద్ధతి (కలపను గంధకపు రసాయనాలతో ఉడికించి గుజ్జు చేసే పద్ధతి) కాగితం మిల్లుల దగ్గర ముక్కు మూయించే వాసనలో ఇదీ ఒకటి, డీఎంఎస్‌ఓను తయారుచేసేదీ దీంతోనే. కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్ (వాయువులను బయటికి లాగేసే ల్యాబ్ గూడు) లేకుండా మొదలుపెట్టకండి.