దొడ్లో కట్టుకున్న ఆఫీసు గదికి ఫోను: వైఫై కాలింగ్ చాలు, మధ్యలో రాగి తీగ మాత్రం వేయకండి

అన్నా, మీది దేవరకొండ పక్కన ఊరు, ఇంటి వెనక దొడ్లో 60 మీటర్ల దూరాన రేకుల గది వేసుకున్నారు. ఇంట్లో ఫైబర్ నెట్ బాగానే వస్తుంది, గదిలోకి పోతే సెల్లు మోగదు. ల్యాండ్‌లైన్ తీగ అక్కడిదాకా లాగాలా, గదికి వేరే కనెక్షన్ తీసుకోవాలా అని అడిగారు. రెండూ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న నెట్‌నే గదికి తీసుకుపోయి, సెల్లులో వైఫై కాలింగ్ (టవర్ బదులు వైఫై మీద కాల్ పోయే, వచ్చే పద్ధతి) ఆన్ చేస్తే మీ పని అయిపోతుంది. కానీ ఆ నెట్ దేని మీద తీసుకుపోతున్నారన్నదే అసలు ముచ్చట. నేను అక్కడే తప్పు చేశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మాది మిర్యాలగూడ దగ్గర. రైస్ మిల్లుల జీఎస్టీ లెక్కలు చూస్తాను. పిల్లల గోల లేకుండా పని సాగుతుందని మూడేండ్ల కింద పెరట్లో వేపచెట్టు అవతల గది కట్టించుకున్నాం. గోడలు ఇటుకవే, పైన మాత్రం ఇనుప రేకులు. గృహప్రవేశం రోజే మా మామ లోపల నిలబడి, "ఈ రేకుల కింద ఫోనెట్ల మోగుతది బిడ్డా" అన్నడు. అన్నట్టే అయింది. తలుపు తీసి గడప మీద నిలబడితే రెండు గీతలు, కుర్చీలో కూర్చుంటే సున్నా. నెలకు 11వ తారీఖు, 20వ తారీఖు మాకు రిటర్నుల గడువు. ఓటీపీ కోసం ప్రతిసారీ సెల్లు పట్టుకుని చెట్టు కిందికి ఉరకడం, అంకెలు చూసుకుని మళ్లీ లోపలికి రావడం. వడ్ల కోతలప్పుడైతే మిల్లుల వాళ్లు పది సార్లు చేసి, దొరకక, మా ఆయనకు చేసేవాళ్లు.

సిగ్నల్ బూస్టర్ పెట్టుకోమని ఎవరో ఒకరు మీకూ చెప్తారు. వద్దన్నా. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు గానీ, అనుమతి లేకుండా దాన్ని పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం. పైగా అది చుట్టుపక్కల టవర్ల సిగ్నల్‌నే చెడగొడుతుంది, మీ ఒక్కరి గది కోసం వాడ మొత్తానికి ఫోన్లు తెగుతాయి.

నేను మొదట చేసిన పని ఏమిటంటే, ఇంట్లోని ఫైబర్ బాక్సు నుంచి గదిదాకా మామూలు నెట్ కేబుల్ వేయించాను. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా పని చేస్తుంది, మాది 45 మీటర్లే, కాబట్టి దూరంతో ఇబ్బంది రాలేదు. వేపకొమ్మకు కట్టి, గోడ మీది నుంచి గదిలోకి దించాం. ఏడాది బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, ఉరుములు మొదలై, మా పొలం గెట్టు మీద తాటిచెట్టుకు పిడుగు పడ్డది. ఇంటికి దాదాపు ఫర్లాంగు దూరం. మా కేబుల్‌ను అది తాకనైనా తాకలేదు. కానీ గదిలోకి పోయి చూస్తే కాలిన ప్లాస్టిక్ వాసన. రౌటర్‌లో కేబుల్ గుచ్చిన రంధ్రం చుట్టూ నల్లగా మసి, లోపలి సన్న పిన్నుల్లో రెండు కరిగి అతుక్కుపోయాయి. ఇంట్లో ఫైబర్ బాక్సూ పోయింది, నా ల్యాప్‌టాప్‌లో కేబుల్ పెట్టే చోటూ పోయింది. అది 18వ తారీఖు. రెండ్రోజుల్లో తొమ్మిది మిల్లుల రిటర్నులు వేయాలి. ఆ రెండు రాత్రులు మా తమ్ముడి ఇంట్లో కూర్చుని వేశాను, ఏడుపొక్కటే తక్కువ.

ఎందుకిట్లయిందో తర్వాత తెలిసింది. ఇంటికి ఒక ఎర్తింగ్ గుంత, గదికి ఇంకో ఎర్తింగ్ గుంత. దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు నేలలోకి దిగిన కరెంటు వల్ల ఆ రెండు చోట్ల మధ్య ఒక్క క్షణం వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ రెండింటినీ కలుపుతూ రాగి తీగ ఉంటే కరెంటు దాని వెంటే పరుగెత్తుతుంది, చివర్న ఏ వస్తువు ఉంటే దాన్ని కాలుస్తుంది. ల్యాండ్‌లైన్ తీగ లాగినా ఇదే సంగతి, అదీ రాగే కదా. మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఎండాకాలం చివర్న, తొలకరిలో పిడుగులు ఎట్ల పడతాయో మీకు నేను చెప్పాలా?

రెండోసారి ఇల్లూ గదీ మధ్య ఫైబరే వేశాం. అది గాజు పోగు, కరెంటు పారదు. ఇంత తేలికని ముందే తెలిసుంటే ఆ నష్టం ఉండకపోను. మీడియా కన్వర్టర్ అని, మామూలు నెట్ కేబుల్‌ను ఫైబర్‌కు కలిపే చిన్న డబ్బాలు జంటగా దొరుకుతాయి, ఒకటి ఇంట్లో బాక్సు పక్కన, ఒకటి గదిలో. వీటి మీద ఎ, బి అని రాసి ఉంటుంది. ఒక్క పోగు మీదే రాకపోకలు రెండూ జరగాలంటే ఒక దిక్కు ఎ, ఇంకో దిక్కు బి ఉండి తీరాలి. నాకు మొదట రెండూ ఎ డబ్బాలే ఇచ్చారు, లైటు వెలగక ఒక పూటంతా పోయింది. కొనే ముందు పెట్టె విప్పి చూసుకోండి. కొసలు (ఫైబర్ చివర గుచ్చే ముక్కలు) కూడా చూడండి: కంపెనీ బాక్సుకు ఎక్కువగా పచ్చ కొస ఉంటుంది, ఈ డబ్బాలకు ఎక్కువగా నీలం. పచ్చని నీలానికి గుచ్చకూడదు, సిగ్నల్ సగం అక్కడే పోతుంది. కంపెనీ నుంచి వచ్చే ఫైబర్ జోలికి అసలు పోకండి, అది వాళ్ల బాక్సుదాకా అట్లనే ఉండనీయండి. మన పోగు వేరే, బాక్సు తర్వాత మొదలవుతుంది.

ఫైబర్ కేబుల్ కొనేటప్పుడు ఇంకో మాట. స్తంభాల మీద లాగే రకంలో పోగుకు అండగా ఇనుప తీగ ఉంటుంది. ఆ ఇనుము గది లోపలిదాకా వస్తే గాజు వేసిన లాభం లేదు. ఇనుము లేని రకం అడగండి, లేదంటే ఆ తీగను గోడ బయటే కత్తిరించేయించండి.

పైపు తప్పనిసరి. మాకు పందికొక్కులు ఎక్కువ, మన్నులో ఉట్టి కేబుల్ పూడిస్తే నెల ఆగవు. బోరు మోటారుకు వాడే నల్ల పైపు ఒక అంగుళానిది తీసుకుని, రెండడుగుల లోతున పూడిపించాం. మీ దిక్కు నేల మొరం, బండలు కాబట్టి గడ్డపారతో కష్టమే, ఒకటిన్నర అడుగు దిగినా సరిపోతుంది. మూల తిరిగే చోట ఎల్బో పెట్టనీయకండి, పైపునే మెల్లగా వంచాలి, లేకుంటే గాజు పోగు విరుగుతుంది. ఎలక్ట్రీషియన్ల దగ్గర తీగ లాగే స్ప్రింగ్ ఉంటుంది, దాంతో లాగిస్తూ పక్కనే ఒక నైలాన్ తాడు కూడా పైపులో వదిలేయండి. రేపు ఇంకో కేబుల్ వేయాలంటే మళ్లీ తవ్వే పని ఉండదు.

గదిలో కన్వర్టర్‌కు ఒక మామూలు వైఫై రౌటర్ కలిపితే ఇక మిగిలింది సెల్లు. సెట్టింగుల్లో సిమ్ దగ్గరికి పోతే వైఫై కాలింగ్ అని ఉంటుంది, ఆన్ చేయండి. ఎయిర్‌టెల్‌లో 2019 డిసెంబరులో, జియోలో 2020 జనవరిలో ఇది మొదలైంది, వేరే డబ్బు అడగరు. మీ నంబరు మీదే కాల్ వస్తుంది, అవతలి వాళ్లకు తేడా తెలియదు. నాకు ఓటీపీలు కూడా కుర్చీలోనే వస్తున్నాయి. పాత సెల్లుల్లో ఆ మీట ఉండకపోవచ్చు, ముందు అది చూసుకోండి. ల్యాండ్‌లైన్ నంబరు కూడా కావాలంటే కంపెనీ వాళ్ల యాప్ ఉందేమో అడగండి, ఆ నంబరు సెల్లులోనే మోగుతుంది. తీగ అక్కర్లేదు.

కరెంటు సంగతి మాత్రం మరిచిపోకండి. గదికి ఇన్వర్టర్ ఉన్నా, ఇంట్లో కరెంటు పోతే ఫైబర్ బాక్సు ఆగిపోతుంది, దాంతో మీ ఫోనూ పోతుంది. మా ఇంటికి ఒక ఫేజు, గదికి ఇంకో ఫేజు. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ఫోను తెగుతుంది. మొదట్లో కారణం తెలియక కంపెనీ పిల్లగాణ్ని రెండుసార్లు పిలిపించాను పాపం. బాక్సులు ఎక్కువగా 12 వోల్టులవే, అరచేయంత మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. ఇంటి దగ్గర బాక్సుకూ కన్వర్టర్‌కూ, గదిలో కన్వర్టర్‌కూ రౌటర్‌కూ పెట్టుకోండి. కన్వర్టర్లు చాలా వరకు 5 వోల్టులవి, ఆ రెండు రకాల వోల్టేజీ ఇచ్చే యూపీఎస్ చూసి తీసుకోండి.

ఇల్లూ గదీ మధ్య బాట గానీ కాలువ గానీ ఉండి తవ్వడం కుదరకపోతే ఇక్కడే రాయండి, గాలిలో పంపే పరికరాల జంట ఒకటి మా చిన్నాయిన పొలం కాడ పెట్టించాం, దాని సంగతి చెప్తాను. తవ్వగలిగితే మాత్రం ఫైబరే వేయండి. కేబుల్ కొలిచేటప్పుడు గోడలు ఎక్కి దిగేది కూడా లెక్కేసి, రెండు కొసల్లో చెరో మూడు మీటర్లు చుట్టగా మిగలనీయండి. కొస విరిగితే ఊళ్లో ఫైబర్ అతికే పిల్లగాడు వచ్చి ఆ మిగులులోంచే కోసి కొత్త కొస వేస్తాడు.